చిల్లు లేని ఆకు

విజేత గోంగూర ఆకులు కాడల నుంచి తుంచి గిన్నెలో వేస్తోంది.

ఒక్క ఆకుకూ చిల్లు లేదు. ఒక్క పురుగూ కనిపించలేదు.

ఆమెకిప్పుడు ఏడో నెల. పోయినేడాది కడుపు నిలవలేదు.

అప్పటి నుంచి పురుగుమందుల భయంతో ద్రాక్ష మానేసింది. స్ట్రాబెర్రీ మానేసింది. ఆపిల్ తొక్క తీస్తే గానీ ముట్టదు.

నమ్మకమల్లా కళాధర్ గోంగూర మీదే. ఊరి శివారు లూకన్ అవతల ప్లాస్టిక్ పందిరి కింద, మందుల్లేకుండా పండిస్తున్నానని అతను వాట్సాప్ గ్రూపులో చెబుతాడు. శనివారం పొద్దున్నే ఇండియన్ షాపులో కట్టలు పెట్టి వెళ్తాడు.

నెల రోజులుగా ఎవరో పెద్దాయన అందరికన్నా ముందొచ్చి అవన్నీ పట్టుకుపోతున్నాడు.

ఇవాళ ఆయనకన్నా ముందు విజేత వెళ్లి కట్ట తెచ్చుకుంది.

సాయంత్రం బెల్లు మోగింది. భర్త ప్రజ్వల్ తలుపు తీశాడు.

పెద్దాయనే. తడిసిపోయి ఉన్నాడు. బూట్లు విప్పి, రమ్మనకుండానే లోపలికొచ్చాడు.

"ఆ కట్ట నాకిచ్చేయమ్మా."

"మా ఇల్లెలా తెలిసింది మీకు?"

"షాపులో అడిగా."

"గ్రూపులో అందరూ మిమ్మల్నే తిట్టుకుంటున్నారు అంకుల్," ప్రజ్వల్ నవ్వాడు. "అన్ని కట్టలు ఏం చేస్తున్నారు? పచ్చళ్ల ఫ్యాక్టరీ పెట్టారా?"

"పారేస్తున్నా."

ప్రజ్వల్ నవ్వు ఆగిపోయింది.

"కడుపుతో ఉన్నదాని నోటి దగ్గరది లాక్కెళ్లి పారేస్తారా?" విజేత గిన్నె దగ్గరకు లాక్కుంది.

"తిన్నావా?" ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

"మధ్యాహ్నం పప్పులో వేశా. ఉప్పునీళ్లలో కడిగే వండాను లెండి."

"కడిగితే పోయేది కాదమ్మా. నిన్నగాక మొన్న మందు పడింది ఆ ఆకు మీద."

వాన కిటికీని గట్టిగా కొట్టింది.

"మీకెవరు చెప్పారు?"

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మందు సీసా మీంచి చింపింది. తెలుగు అక్షరాలు. కింద పుర్రె బొమ్మ.

"ఇవాళే డాక్టరుకి చూపించు. ఆలస్యం చేయకు."

"ఎక్కడిదో కాగితం తెచ్చి భయపెడతారేంటి?" ప్రజ్వల్‌కి కోపం వచ్చింది. "మీరూ గోంగూర వేస్తున్నారా? పోటీనా? ఉండండి, అతన్నే అడుగుతా."

స్పీకర్ పెట్టి కళాధర్‌కి ఫోన్ చేశాడు.

"కళాధర్ గారూ, మీ గోంగూర మీద మందు కొట్టారట! ఎవరో పెద్దాయన ఇంటికొచ్చి మా ఆవిణ్ణి హడలగొడుతున్నాడు."

"చుక్క కూడా వాడనండీ! ఎవడా ముసలోడు? గార్డా పోలీసులకి ఫోన్ చేయండి, వాళ్లే వచ్చి లాక్కెళ్తారు."

"ఉండండి, పేరడుగుతా. అంకుల్, మీ పేరేంటి?"

పెద్దాయన గిన్నె వైపు చెయ్యి చాపాడు. దగ్గు వచ్చింది. ఆపుకోలేని పొడిదగ్గు.

అవతల కళాధర్ మాట ఆగిపోయింది.

"హలో? కళాధర్ గారూ?"

పెద్దాయన గిన్నెలోని ఆకంతా తన సంచిలోకి ఒంపుకున్నాడు. ఈసారి విజేత అడ్డుపడలేదు. ఆమె చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది.

ఆయన బూట్లలో కాళ్లు దూర్చి, వానలోకి దిగిపోతుంటే, ఫోన్లోంచి కళాధర్ గొంతు సన్నగా పిలిచింది: "నాన్నా... నువ్వేనా?"