వీధి మొదట్లో విచారణ

బియ్యం బస్తా దుకాణం మెట్టు మీద ఇరుక్కుంది. గోవిందమ్మ ఒక్కతే లాగలేక ఆయాసపడుతోంది.

"పక్కకు జరుగు తల్లీ" అంటూ ఎవరో పెద్దాయన వచ్చాడు. ఒక్క ఊపున బస్తా లోపల పెట్టి, చొక్కాకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

మనిషి కొత్త. మార్కాపురంలో ఆ వీధిలోకి కొత్త మనిషి ఎవరు పోవాలన్నా గోవిందమ్మ దుకాణం దాటే పోవాలి.

"ఏ ఊరన్నా మీది?" సోడా కొట్టి ఇస్తూ అడిగింది.

"గిద్దలూరు పక్కన. విజయమ్మ ఇల్లు ఈ వీధేనా?"

ఆ పేరు వినగానే గోవిందమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! ఐదేళ్ల కిందట తన కొడుకు నాగేంద్రకు కనిగిరి నుంచి మంచి సంబంధం వచ్చింది. ఆడపిల్లవాళ్లు వీధిలో విచారిస్తే, ఈ విజయమ్మే నరం లేని నాలుకతో "పిల్లోడికి మూర్ఛలున్నట్టుంది" అని ఒక మాట వదిలింది. వాడు పలకల గనిలో ఎండదెబ్బకు ఒక్కసారి కళ్లు తిరిగి పడ్డాడు, అంతే. సంబంధం తప్పిపోయింది. మాట మాత్రం ఊరంతా పాకింది. ముప్పై అయిదు దాటినా వాడికి పిల్లనిచ్చేవాడు లేడు.

పైకి విజయమ్మతో వదినా వదినా అంటూనే ఉంది గోవిందమ్మ. ఉప్పూ పప్పూ కట్టిస్తూనే ఉంది. లోపల మాత్రం ఒక్కటే అనుకుంది. దాని కొడుకు సాగర్‌కూ సంబంధం రాకపోదు. వచ్చినవాళ్లు నా దుకాణం ముందు ఆగకపోరు.

"పిల్లనియ్యడానికా అన్నా?" గొంతులో తేనె కలుపుకుని అడిగింది.

పెద్దాయన కాస్త తటపటాయించాడు. "అవునమ్మా. మా అమ్మాయి సునీతను. ఐర్లాండులో నర్సు. అక్కడి పౌరసత్వం గూడా వచ్చింది."

గోవిందమ్మ గుండెలో రాయి పడింది. సిటిజన్ పిల్లయితేనే మా సాగర్‌కు చేస్తామని విజయమ్మ వీధి వీధంతా టాంటాం వేస్తోంది. అన్నంతా చేసిందన్నమాట!

"అయితే పిల్లోడు గూడా పోతాడా?"

"పోకుంటే ఎట్ల? పెండ్లాం పేరు మీద వీసా ఇస్తారు. కొన్నేళ్లు కాపురం చేస్తే వాడూ ఆ దేశపోడే."

నా కొడుకు ఇక్కడ రాతి దుమ్ము మింగాలి. దాని కొడుకు పెండ్లాం కొంగు పట్టుకుని విమానమెక్కాలి. గోవిందమ్మ పళ్లు పటపటా కొరికింది.

"పిల్లోడి గురించి విజయమ్మ చానా బాగా చెప్పింది, తక్కిన వివరాలు ఇంటికొస్తే చెప్తాననింది" అన్నాడు పెద్దాయన. "ఇంటికి పోకముందే వీధిలో విచారించేది మన పక్క ఆనవాయితీ గదా. కుదరకముందే పిల్లోడి పేరు బజార్న పెట్టడం మాత్రం నాకిష్టం లేదు. ఒక్కటే చెప్పు. ఆమె మాట నమ్మొచ్చునా?"

పేరెందుకు? ఆ పేరు గోవిందమ్మకు తెలియదా ఏమిటి!

"విజయమ్మ మాటా? దాన్ని తిరగేసుకుంటే నిజమన్నా!"

"పిల్లోడికి ఏ అలవాటూ లేదనిందే?"

"పొద్దు గూకితే సీసా పడాల."

"కష్టం చేస్తాడనింది."

"కంచం ముందర."

"ఆరోగ్యం?"

ఆ ప్రశ్న కోసమే ఐదేళ్లుగా కాచుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మూర్ఛలన్నా. నేను చెప్పినానని అనబాకు."

పెద్దాయన ముఖం వాడిపోయింది. "చదువొద్దు, ఆస్తి వద్దు, నన్ను బాగా చూసుకునే మనిషైతే చాలనింది నా బిడ్డ. దాని గొంతు కోసుండేవాణ్ని. దేవతలాగా చెప్పినావు తల్లీ."

చేతులెత్తి దండం పెట్టాడు. గోవిందమ్మకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. పాపం, మంచివాడు. మంచివాడు గనకే ఆ ఇంటి పాలబడకుండా కాపాడానని సర్దిచెప్పుకుంది.

ఆయన వచ్చిన దారినే బస్టాండుకు వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం పచ్చిపులుసు కూడా ఆమెకు పాయసంలా దిగింది.

సాయంత్రం విజయమ్మ ఏడ్చిన కళ్లతో దుకాణం మెట్టు మీద కూలబడింది. గోవిందమ్మకు కడుపు నిండిపోయింది.

"ఏంది వదినా, సంబంధం తప్పిందా?"

"నీకెట్ల తెలుసు వదినా?"

"నీ ముఖమే చెప్తాంది."

"గిద్దలూరాయన వస్తానని చెప్పి రాలేదు. ఫోన్ చేస్తే వద్దంటే వద్దన్నాడు. నా మాట నమ్మొద్దని, పిల్లోడు తాగుబోతని, మూర్ఛలని ఎవరో చెప్పినారంట. ఆ చెప్పినోళ్ల నోట్లో మన్ను పడ!"

"నాడు నా కొడుక్కూ అట్లనే చెప్పినారు" అంది గోవిందమ్మ, ఒక్కో మాటా నొక్కి. "ఇప్పుడు తెలిసిందా కడుపుకోత ఎట్లుంటదో?"

విజయమ్మ తల వంచుకుంది. "ఆ పాపం నాదే వదినా. నోరు జారి అన్నాను. అప్పట్నుంచి అన్నం మింగుడు పడలేదు. అది కడుక్కుందామనే, పెద్దారవీడులో ఒక పెండ్లిలో ఆయన కనబడితే వెంటపడి ఒప్పించినా. ఖాయమైనాక నీకు చెప్దామని దాచినా."

"నాకెందుకు చెప్పడం? మీ సాగర్ పెండ్లి మీ ఇష్టం."

"సాగర్‌కా?" విజయమ్మ తలెత్తి చూసింది. "ఆయన వచ్చింది మీ నాగేంద్రకు పిల్లనియ్యడానికి వదినా."