ఎవెలియో పిట్టల పానకం

ఈ కథలో ఒక్క ముక్క కల్పించానని ఎవరైనా రుజువు చేస్తే అక్కడికక్కడే మీసం తీయించుకుంటాను. మా కొలంబియా కాఫీ కొండలన్నీ గాలించినా ఇంత నిఖార్సైన కథ చెప్పేవాడు మీకు దొరకడు. ఇక వినండి.

చెరకు నరికే కత్తి చేతపట్టుకుని ఎవెలియో పక్కింటి గోడ ఎక్కేశాడు.

"దిగండి, దోన్ ఎవెలియో! గోడలెక్కే వయసా మీది?" కింద నుంచి ఒతీలియా అరిచింది. అరుస్తూనే జామకొమ్మకు వేలాడుతున్న సీసాకు అడ్డంగా నిలబడింది. ఎర్రపూల మూతులున్న ఆ సీసా చుట్టూ బొటనవేలంతేసి తేనెపిట్టలు రెక్కలు కనబడనంత జోరుగా ఝుమ్మంటూ, గాల్లో నిలబడి తాగుతున్నాయి.

"నా పిట్టలు నాకిచ్చేయండి, దిగుతాను."

"వాటి మీద మీ పేరేమైనా రాసుందా?"

"ఇవన్నీ నా పెరట్లో తాగి పెరిగినవే. ఆ నీలం గొంతుది నా టోపీ మీద వాలేది. మీరేదో మందు కలిపి లాగేశారు. తాడు కోసేస్తాను, జరగండి!"

ఒతీలియా జరగలేదు. 

ఎవెలియో అరుపుల్లో కోపం కొంతే, భయమే ఎక్కువ. అతని భార్య లిహియా, పెరేయిరా పట్నం ఆస్పత్రిలో కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి రావడానికి ఇవాళే జీపెక్కింది. కోలుకునేదాకా మంచం దిగకూడదట. "చెల్లి తన దగ్గరే ఉండిపొమ్మంటోంది, ముసలాయనా. కిటికీలో నా పిట్టలుంటే మనింట్లో పడుకుంటా. లేకపోతే అదే జీపులో వెనక్కి పోతా" అని ఫోనులో తేల్చి చెప్పేసింది. "మందలు మందలుగా ఉన్నాయే!" అన్నాడు ఎవెలియో. ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే పెరడు బోసిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. పట్నంలో చెల్లి చేతికి చిక్కితే లిహియా మళ్ళీ ఈ కొండ ఎక్కుతుందన్న నమ్మకం అతనికి లేదు.

"మందూ లేదు, మాకూ లేదు" అంది ఒతీలియా. "గ్లాసు తెల్ల చక్కెరకు నాలుగు గ్లాసుల నీళ్ళు. రంగు కలపను, తేనె కలపను. రెండ్రోజులకోసారి వేణ్ణీళ్ళతో సీసా తోముతాను. మీరేం పోస్తున్నారు?"

"బెల్లం పానకం! ఇంటికొచ్చిన వాళ్ళకు కొట్టు చక్కెర పోసే వంశం కాదు మాది. ఏళ్ళ తరబడి పొద్దున్నే నా చేత్తో కలిపి పోస్తున్నాను. ఏ పిట్టయినా వద్దందా?"

"పోస్తున్నారులెండి..." ఒతీలియా ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. "మీ సీసా గోడ మీంచి చూశాను. లోపలంతా నల్ల బూజు. పులిసిన కంపు ఇక్కడిదాకా కొడుతోంది. తాగితే పిట్టలు చస్తాయి."

ఆ కంపు ఎవెలియో ముక్కుకీ తగిలింది. కానీ తన పానకాన్ని అనుమానించడం అతనికి చేతకాదు. అసలు లిహియా వెళ్ళాక సాయంత్రాలు అతను కాచుకు తాగే పానకం కూడా గొంతు దిగడం లేదు. అదే బెల్లం, అవే నీళ్ళు, ఆమె చేతి రుచి మాత్రం లేదు.

కొండ మలుపులో జీపు హారన్ మోగింది.

కత్తి జారి గోడవతల పడింది. "దోన్యా ఒతీలియా... మీ సీసా ఇవ్వండి. ఒక్క పూటకి."

"ఇందాక మందు పెట్టానన్నారు?"

"నోరు జారాను."

"తెల్ల చక్కెరే మేలు అనండి, ఇస్తాను."

ఎవెలియో దవడలు బిగుసుకున్నాయి. చెరకు గానుగ పక్కన పుట్టిన మనిషి మరి. హారన్ ఈసారి వంతెన దగ్గర మోగింది.

"తెల్ల చక్కెరే... మేలు."

"వినపడలేదు."

"మేలు! మేలు! ఇవ్వు తల్లీ!"

సీసా గోడ దాటింది. తన బూజు సీసాను పొదల్లోకి విసిరేసి, దీన్ని కిటికీ ముందు కొక్కేనికి తగిలించాడు. ఒక్క పిట్టా రాలేదు. జీపు వాకిట్లో ఆగింది. డ్రైవరు చెయ్యి పట్టుకుని లిహియా గదిలోకి వచ్చింది.

"కిటికీ తెరువు."

ఎవెలియో కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాడు. "ముందు కూర్చో. కాఫీ పెడతా."

"జరుగు, ముసలాయనా. జీపింకా కదల్లేదు."

కిటికీ తలుపు తీసి పక్కకు జరిగాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అలికిడి లేదు. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు, చెవి పక్కనే, ఝుమ్మని ఒక చప్పుడు. దాని వెనకే ఇంకొకటి.

లిహియా మెల్లగా మంచం మీద కూర్చుంది. "జీపు తీసుకెళ్ళిపో, నాయనా" అంది డ్రైవరుతో.

ఎవెలియో ఊపిరి పీల్చుకునేలోపే కళ్ళు చికిలించి అడిగింది. "ఆ సీసా ఒతీలియాది కదూ?"

"ఏం చెయ్యనే? నువ్వు వెళ్ళగానే నా పానకం ముట్టడం మానేశాయి. నీ మీద బెంగ, పిచ్చివాటికి."

లిహియా కుట్లు అదిమిపట్టుకుని నవ్వింది. "నీ పానకం అవి తాగిందెప్పుడు? పొద్దున నువ్వటు తోటకు వెళ్ళగానే ఇటు ఒంపేసి, సీసా తోమి, ఒతీలియా ఇచ్చిన చక్కెరనీళ్ళు పోసేదాన్ని."

"ఇన్నేళ్ళూ నా పానకం పారబోశావా!"

"బంగారంలాంటి బెల్లం పారబోస్తానా? సాయంత్రం వేడిచేసి, జున్నుముక్క వేసి నీకే ఇచ్చేదాన్ని. నా చేతి రుచి ఇంకెవరికీ రాదనేవాడివి కదా!"

మీసం సంగతా? సరే, ఒప్పుకుంటున్నాను. కత్తి నేను కల్పించిందే. ఎవెలియో గోడెక్కింది పానకం కలిపే కొయ్యగరిటెతో. ఆ మాటకొస్తే, మీసమూ కల్పించిందే.