ఎడమ పక్క వేడి

"ఎడమ పక్క హీటరు గాలి ఇంకా చల్లగానే వస్తోంది సేటూ," అన్నాడు జోగ.

కారులో రెండు ముందు సీట్ల మధ్యలోకి వంగి ఉన్నాడు. కుడి అరచేయి డ్రైవరు వైపు గాలి జాలీ మీద, ఎడమ అరచేయి అవతలి జాలీ మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఏ బండినైనా అతను అలాగే చూస్తాడు. మీటర్లు, మిషన్లు అతని దగ్గర లేవు. తోంగ్‌పాల్ ఊరి మీదుగా లారీలు నడిపేవాళ్లంతా జోగ చెయ్యి పెడితే చాలనుకునే రోజులు ఉండేవి. ఇప్పుడు అతని రిపేరు షెడ్డు ముందు నూనె ఇంకి నల్లబడిన నేలలో గడ్డి మొలుస్తోంది.

ప్రేమ్‌కుమార్ బయట నిలబడి మెడకు మఫ్లరు సర్దుకున్నాడు. కారు అతనిదే. కొంటాలో అతనికి కిరాణా దుకాణం ఉంది.

"మళ్లా అదే మాటా? దీపావళి నుంచి ఇదే కథ. డ్యాష్‌బోర్డు విప్పినవు, లోపల గాలి మళ్లించే రెక్క మార్చినవు, బిగించినవు. ఏంది ఫాయిదా?"

"మొదట్ల నీళ్ల పైపులల్ల గాలి పట్టింది సేటూ. నీళ్లు నింపి గాలి తీసేసిన. అయినా ఎడమకు వేడి ఎక్కుతలేదు."

"ఎక్కుతోంది," అంది ఎడమ సీట్లో కూర్చున్న సాయిశ్రీ. ఆమె ప్రేమ్‌కుమార్ భార్య. నెలలు నిండుతున్నాయి. జగదల్‌పూర్ ఆసుపత్రిలో చూపించుకోవడానికి బయలుదేరారు. "నీళ్లు నింపినప్పటి నుంచి నాకు వెచ్చగానే ఉంది. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?"

"కడుపుతో ఉన్నదానివి. నిన్ను ఫ్రిజ్‌లో కూర్చోబెట్టినా వేడే అంటవు. జోగ చెయ్యి చెప్తోంది కదా."

"అయితే కాన్పు కూడా ఆ చేతినే చెయ్యమనండి."

జోగ నవ్వలేదు. బయటికి వచ్చి ప్రేమ్‌కుమార్ ముఖం చూశాడు. అందులో ఏముందో అతనికి తెలుసు. సుక్మాలో కొత్త షెడ్డు పెట్టారు. కంప్యూటరు తగిలిస్తే బండికి ఏ రోగం ఉందో తెరమీద పడుతుందట. లారీల వాళ్లు ఒక్కొక్కరే అటు జరిగిపోయారు. ప్రేమ్‌కుమార్ ఇంటి బండ్లు మాత్రమే ఇంకా జోగ దగ్గరికి వస్తున్నాయి.

"చూడు జోగా," అన్నాడు ప్రేమ్‌కుమార్. "నీ మీద నమ్మకం లేక కాదు. ఘాట్ రోడ్డుల పొగమంచు ఎట్లుంటదో నీకు తెలుసు. ఈమెను చలిల తిప్పలేను. ఇవాళ తేలకపోతే సుక్మా తీసుకుపోత. ఇది పోతే మా అన్నల బండ్లు కూడా అటే పోతయి. మళ్లా నన్ను అనొద్దు."

"ఇవాళ తేలుస్త సేటూ."

పానా తీసుకుని బానెట్ కింద బిగింపులు చూడసాగాడు. ఇంజను నడుస్తూనే ఉంది. కాసేపటికి పానా ఎడమ చేతిలోంచి జారి కింద పడింది. తీసుకున్నాడు. మళ్లీ జారింది.

"ఏంది జోగా, పొద్దున్నే మహువా సారా పడ్డదా?"

"చలికి వేళ్లు మొద్దుబారినయి."

సాయిశ్రీ నడుం పట్టుకుని మెల్లగా దిగి వచ్చింది. జోగ మడిచిన చొక్కా చేయి కింద, ఎడమ మోచేతి దగ్గర, రాగి రంగు తిరిగిన మచ్చ ఆమెకు కనిపించింది.

"అదేంది అన్నా?"

"తామర అమ్మా. దురద కూడా పెట్టదు. ఇంటింటికి మందులిచ్చే మితానిన్ అక్క వచ్చి ఆసుపత్రికి పోయి చూపించుకో అన్నది. పనులు తెమిలినంక పోత."

"ఆడవాళ్లు చెప్తే మగవాళ్లకు ఎప్పుడూ తెమలదు," అంది సాయిశ్రీ.

జోగ ఇంజను వెనకున్న రేకు గోడ వైపు చూపించాడు. అక్కడ రెండు రబ్బరు పైపులు పక్కపక్కనే కారు లోపలికి పోతున్నాయి.

"ఇంజను వేడినీళ్లు దీంట్ల నుంచి హీటరుకు పోతయి సేటూ. దాంట్ల నుంచి తిరిగొస్తయి. రెండూ వేడిగుంటే హీటరు మంచిగున్నట్టు. పొయ్యేది వేడిగుండి తిరిగొచ్చేది చల్లగుంటే లోపల మూసుకపోయినట్టు. ఇంక వేరే లెక్క లేదు."

"అయితే అదే చూడు."

జోగ కుడిచేత్తో మొదటి పైపు పట్టుకుని చప్పున వదిలేశాడు. చేతిని ప్యాంటుకు రాసుకున్నాడు. ఎడమచేత్తో రెండో పైపు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి, ఇన్నాళ్లుగా బిగుసుకుపోయి ఉన్న ముఖం సడలింది.

"దొరికింది సేటూ. పొయ్యే పైపు నిప్పు లెక్కుంది. తిరిగొచ్చేది చల్లగుంది. లోపల జామ్ అయింది. హీటరు దించి కడుగుత. సుక్మా పోయే పని లేదు."

"పక్కా?"

"ఈ చేతులు మీకు ఎప్పుడన్న తప్పు చెప్పినయా?"

ప్రేమ్‌కుమార్ ఊపిరి వదిలాడు. "విన్నవా?" అన్నాడు భార్యతో. "నీకు వెచ్చగుందంటివి. నీళ్లే పోతలేవు లోపలికి."

"ఏది, నన్నూ చూడనియ్యండి."

"మసి అంటుకుంటది అమ్మా," అన్నాడు జోగ.

ఆమె వినలేదు. జోగ పిడికిలి పక్కనే, ఆ రెండో పైపు మీద వేలు పెట్టింది. పెట్టిన వేలును అంతే వేగంగా లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది?" అంటూ ప్రేమ్‌కుమార్ తనూ తాకాడు. చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలి చివర ఎర్రగా కందింది.

భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత పైపు వైపు చూశారు.

జోగ ఇంకా దాన్ని ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడు.