కాంపౌండరు గారి పాట

"మళ్లీ మద్రాసేనాండీ?" అంది వీరాయమ్మ, ట్రంకుపెట్టెలో ఉతికిన పంచె సర్దుతూనే.

"ఆయ్. శనివారం కచేరీ. మీ తమ్ముడు కార్డు రాసేడు. ఆఫ్రికా నుంచి చదువుకోడానికొచ్చిన కుర్రాళ్లంట. వాళ్ల పాటలు వాళ్లే పాడతారంట," అన్నాడు కనకరత్నం.

అంబాజీపేటలో కాంపౌండరు కనకరత్నాన్ని ఎరగనివాళ్లు లేరు. మందు బాగా కలుపుతాడని కొంత పేరు, దేశంకాని దేశాల సంగీతం కోసం మద్రాసు పరిగెడతాడని మిగతా పేరు. ఆరేళ్లలో చైనావాళ్ల బాజాలు, తెల్లవాళ్ల పియానో, ఈజిప్టువాళ్ల వాద్యం, అన్నీ వినేశాడు. మద్రాసులో హోటల్లో పనిచేసే బావమరిది అప్పలరాజు, గోడ మీద పరదేశీ కచేరీ కాగితం కనబడితే చాలు, ఓ కార్డు రాసి పడేసేవాడు. ఊళ్లో హరికథ చెబితే గంటసేపు కుదురుగా కూర్చోలేని మనిషికి ఇదేం పిచ్చో అని జనం నవ్వుకునేవారు. పిచ్చి కాదని వీరాయమ్మకి తెలుసు.

యుద్ధం రోజుల్లో కనకరత్నం కలకత్తా మిలిటరీ ఆస్పత్రిలో పనిచేశాడు. బర్మా నుంచి వచ్చిన క్షతగాత్రుల్లో ఓ ఆఫ్రికా సిపాయి ఉండేవాడు. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరక్క వార్డులో అందరూ "ఏడో మంచం" అనేవారు. అతనికి ఇంగ్లీషు రాదు, ఇతనికి అతని భాష రాదు. అయినా మధ్యాహ్నం కట్టు మార్చాక కనకరత్నం కాసేపు పక్కనే కూర్చునేవాడు. సిపాయి మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేస్తూ నాలుగు వరసల పాట నేర్పాడు. ఒక్క పలుకు తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. చెయ్యి పట్టుకుని మళ్లీ మొదటి నుంచి అనిపించేవాడు. తప్పు లేకుండా పాడిన రోజున కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. మర్నాడు కనకరత్నం వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

"అంత కష్టపడి నేర్పేడే! అందులో ఏముందో తెలుసుకోకుండా నేను పోతే ఎలాగే?" అనేవాడు పెళ్లాంతో.

ఆ పాటతోనే కూతురు అమ్మాజీని ఉయ్యాల్లో నిద్రపుచ్చారు. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఓసారి పాడుకోవడం కనకరత్నానికి అలవాటు. దేశాలు తిరిగినవాళ్లు కదా, ఎక్కడైనా విని ఉంటారేమోనని కచేరీ అయ్యాక పాటగాళ్ల దగ్గరికి వెళ్లి అది వినిపించేవాడు. వాళ్లు తల అడ్డంగా ఊపేవారు, కొందరు నవ్వేవారు కూడా.

కిందటి నెల విషజ్వరంతో ఇరవై రోజులు మంచాన పడ్డాడు. లేచాక గడ్డం గీసుకోబోతే మూడో వరస గుర్తుకు రాలేదు. వంటింట్లోంచి వీరాయమ్మే అందించింది. ఆ పూట అతను అన్నం తినలేదు. పాట కాస్తా మర్చిపోతే ఆ కుర్రాణ్ణి చేతులారా చంపుకున్నట్టే అనిపించింది.

"నేనూ వస్తానండీ," అంది వీరాయమ్మ పెట్టె మూస్తూ.

"నువ్వా? ఆ డప్పులు నువ్వు భరించలేవే."

"మరి మూడో వరస ఎవరందిస్తారు?"

ఇద్దరూ లాంచీలో గోదావరి దాటి, రాజమండ్రిలో మద్రాసు మెయిలు ఎక్కారు.

కచేరీ ఓ కాలేజీ హాల్లో. డప్పులు మొదలవగానే వీరాయమ్మ చెవులు మూసుకుంది. కాసేపటికి చేతులు దించింది. ఆపైన ఆవిడ కాలు ఆవిడ మాట వినలేదు. మధ్యలో ఓ విద్యార్థి లేచి ఇంగ్లీషులో ఏదో చెబితే జనం చప్పట్లు కొట్టారు.

"ఏవంటున్నాడండీ?"

"వాళ్ల వైపు కబురు పంపాలన్నా డప్పు మీదే పంపుతారంట. గుర్తుండాల్సిన మాట రాగం కట్టి చెబుతారంట."

"పాపం, పోస్టాఫీసుల్లేవు కాబోలు," అంది వీరాయమ్మ.

కచేరీ అయ్యాక కనకరత్నం వేదిక వెనక్కి వెళ్లాడు. చేతులు జోడించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు వరసలు బాగానే వచ్చాయి. మూడోది ఎంతకీ గుర్తుకు రాలేదు. డప్పులు సర్దుకుంటున్న కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు వీరాయమ్మ కొంగు నిండా కప్పుకుని ముందుకొచ్చింది. నేల చూపులు చూస్తూనే, ఉయ్యాల దగ్గర పాడినట్టే నాలుగు వరసలూ పాడేసింది.

మూల నుంచి ఓ పొట్టి కుర్రాడు చేతిలో డప్పు కింద పెట్టి వచ్చాడు.

"మళ్లీ పాడమనండి," అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ మళ్లీ పాడింది.

"ఇది మీకెవరు నేర్పారు?"

కనకరత్నం తనకొచ్చిన ఆస్పత్రి ఇంగ్లీషులో అంతా చెప్పాడు.

"ఎన్నాళ్లయింది?"

"పన్నెండేళ్లు. మీ భాషేనా బాబూ?"

కుర్రాడు తల ఊపాడు. కచేరీ కాగితం వెనక పెన్సిలుతో ఆ నాలుగు వరసల అర్థం ఇంగ్లీషులో రాశాడు. కాగితం కనకరత్నం చేతిలో పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కనకరత్నం దీపం కిందికి వెళ్లి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఓసారి చదివాడు. మళ్లీ చదివాడు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

వీరాయమ్మ పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఏం పాటండీ? జోలపాటేనా? దేవుడిదా?"

కనకరత్నం కాగితం ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"అది పాట కాదే, ఆ ఏడో మంచం కుర్రాడి ఇంటి చిరునామా."