ఖానాపూర్ బస్సు రోగం

మూడు వారాలుగా ప్రతి అంగడి రోజూ ఇదే వరస. నిర్మల్ నుంచి బుద్ధిగా వచ్చే ఖానాపూర్ బస్సు, సరిగ్గా ఈ కల్వర్టు దగ్గరికి రాగానే తుమ్మెదలా రొద పెడుతుంది. డ్రైవర్ అంబదాస్ బస్సు ఆపి కిందికి దూరుతాడు. చక్రాలు, బోల్టులు అన్నీ బిగువుగానే ఉంటాయి.

ఇవాళ ఇంజన్ ఆపకుండానే లేచాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మూతకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. అక్కడ కాదు. నేల రేకుకు ఆనించాడు. రొద పెరిగింది. చివరికి ముందు సీట్లోని శంకరవ్వ కాళ్ల దగ్గర, ఇత్తడి బిందెకు ఆనించి ఉలిక్కిపడ్డాడు. బిందె మూతిని అరచేత్తో మూస్తే రొద టక్కున ఆగింది.

"అవ్వా, నువ్వెక్కినప్పుడు మూట గీ బిందెల ఉండె గదా?"

మూట ఇప్పుడు శంకరవ్వ ఒళ్లో ఉంది. కల్వర్టు మీద ఓ పడుచు నిలబడి బస్సు వంకే చూస్తోంది.

"నా బిడ్డ, కొడుకా. నీళ్లోసుకున్నది. నేను పెట్టిన చింతకాయ తొక్కు తప్ప ఏం తింటలేదు. గీడ బస్సు ఆగదు గదా!"

"ఖాళీ చేస్తే మోగుతదని ఎర్కుండే, నన్ను మూడు వారాల సంది బండి కింద పండవెట్టినవా?"

వెనక నుంచి ఎవరో కేకేశారు. "దొరికిందా, డ్రైవర్ సాబ్?"

"దొరకలే! వచ్చే అంగడికి గూడ గీడనే ఆపి సూడాలె."

అని, శంకరవ్వకు చెయ్యి అందించి గొంతు తగ్గించాడు.

"జల్ది ఇచ్చిరా. వచ్చే వారం గూడ బిందె మాత్రం మర్వకు."