రెండు బొటనవేళ్లు

మండలంలోని ప్రతి మనిషి చేతి పట్టీ నుంచీ ఆరోగ్య వివరాలు రోజూ మధ్యాహ్నం మా కేంద్రం యంత్రంలోకి వచ్చి పడతాయి. ఎవరి వివరం ఎక్కడుందో చెప్పేది సూచిక. అవి వచ్చి పడే వేళ పొరపాటున సూచిక చెరిగిపోకుండా ఒక తాళం పెట్టారు. ఇద్దరు ఉద్యోగులు బొటనవేళ్లు ఆనిస్తేనే యంత్రం దాన్ని చెరుపుతుంది.

మా అధికారి దండపాణి గారికి ప్రతిసారీ నన్ను పిలవడం నామోషీ. అందుకని తన కుడి బొటనవేలిని తన పేరున, ఎడమదాన్ని నా పేరున నమోదు చేసుకున్నారు. ఈరోజు యంత్రం సూచిక చెరిపేయమంటారా అని అడిగితే, చదవకుండానే రెండూ ఆనించారు. సూచిక పోయింది. మళ్లీ తయారు కావడానికి రెండు రోజులు పడుతుంది.

అప్పుడే పైడమ్మ జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని ఎత్తుకొచ్చింది. ఏ సూది పడదో తెలియకుండా మందు వేయనంది నర్సు.

"కన్నతల్లివి, నీకు గుర్తులేదా?" అన్నారు దండపాణి గారు.

"అన్నీ మా కాడుంటాయి, నువ్వు గుర్తెట్టుకోనక్కర్లేదని సెప్పింది తమరే కదా బాబూ," అంది పైడమ్మ.

ఆయన టీ తెప్పించుకున్నారు. నేను వేలకొద్దీ వివరాలను ఒక్కొక్కటే తెరుస్తూ కూర్చున్నాను. నాలుగు గంటలకు ఆ పిల్ల వివరం దొరికింది. నర్సు సిద్ధంగా పెట్టుకున్న సూదే పిల్లకు పడనిది. వేరే మందు వేశాక జ్వరం దిగింది.

"చూశావా, భద్రత చాలడం లేదు. రేపటి నుంచి మూడు బొటనవేళ్లు పెట్టిద్దాం," అన్నారు దండపాణి గారు.

నేను ఆయన కాళ్ల వైపు చూశాను.