కలిసిందమ్మ

"కలిసిందా అమ్మా?"

ఫోన్‌లో అదే గొంతు. రోజూ ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళకే వస్తుంది.

"కలిసిందండీ. అంబులెన్స్ కంట్రోల్ రూమ్. ఎవరికి బాగోలేదు? ఎక్కడికి రావాలి?"

"అందరూ బాగానే ఉన్నారు తల్లీ. కలిసింది, అంతే చాలు."

పెట్టేసింది.

కొత్త పెళ్లికూతురు నవ్వుకుంటూ హెడ్‌ఫోన్ తీసింది. పెళ్లి సెలవు నుంచి వచ్చాక ఆ గదిలో ఆమెకు మిగిలిన పేరు అదొక్కటే.

"మళ్లీ కలిసిందమ్మేనా?" పక్క బల్ల దగ్గర్నుంచి ఇంజనీరు అడిగాడు.

"ఆవిడే. పోనీలే అన్నయ్యా, పెద్దావిడ. తోచక చేస్తోంది."

"తోచకపోతే చుట్టాలకి చేసుకోమను. సరిగ్గా అప్పుడే ఎవరైనా గుండె పట్టుకుని చేస్తే? ఆగండి, కబుర్లలో ఉన్నామని చెప్తావా?"



ఇంజనీరు ఆ నంబరును బ్లాక్ చేశాడు.

మర్నాడు అదే వేళకు గది ప్రశాంతంగా ఉంది. ఒక్క ఫోనూ మోగడం లేదు. కొత్త పెళ్లికూతురు డబ్బా తెరిచింది. మొగుడు కోసిపెట్టిన యాపిల్ ముక్కలు ఒకటున్నట్టు ఇంకొకటి లేదు. ఆమెకు అన్నీ ముద్దొచ్చాయి.

తెర మీద పచ్చటి అక్షరాలు మెరిశాయి.

'కోలుకుంది.'

"ఏంటిది అన్నయ్యా?"

"మన కాల్స్ తీసుకునే మెషీన్. పడిపోతే ఎవరూ లేపక్కర్లేదు, తనంతట తనే లేస్తుంది. ఆ ప్రోగ్రామ్ నేను రాసిందే." కాలరు సర్దుకున్నాడు.

"పడిపోయానని దానికెలా తెలుస్తుంది?"

"చాలాసేపు ఒక్క కాల్ కూడా రాలేదనుకో. ఎక్కడో తేడా కొట్టిందని ఆగిపోయి, మళ్లీ మొదలవుతుంది."

"అచ్చం మా ఆయనే. కాసేపు మెసేజ్ పెట్టకపోతే కొంప మునిగిందనుకుంటాడు."

ఇద్దరూ నవ్వారు.

'కోలుకుంది.'

'కోలుకుంది.'

"ఇవాళ తెగ కోలుకుంటోందే," అంది ఆమె.

తలుపు తోసుకుని డ్రైవరు వచ్చాడు. కింద బండ్లు నిలిపే చోటు నుంచి మెట్లన్నీ పరుగున ఎక్కినట్టున్నాడు.

"ఎవరో పెద్దావిడ బస్సు దిగి నేరుగా నా బండి దగ్గరికొచ్చింది. మనకి ఫోన్ కలవట్లేదంట."

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎందుకు కలుస్తుంది బాబాయ్? నిన్న నేనే బ్లాక్ చేశా. నాలుగు మంచి మాటలు చెప్పి పంపించెయ్."

"అలాగే అనుకున్నా. వదిలితేగా. నీ ఫోన్ నుంచి చెయ్యి నాయనా అంది. చేశా."

"చేస్తే?"

"నాదీ కలవలేదు."

వెనక్కి వాలిన కుర్చీ ముందుకొచ్చి నేలకు తగిలింది.

కొత్త పెళ్లికూతురు తన సెల్ తీసి నంబరు నొక్కింది. చెవిలో చప్పుడు లేదు. ఎదురుగా ఉన్న ఫోను మోగలేదు.

తెర మీద మాత్రం, 'కోలుకుంది.'

ఇంజనీరు కళ్లు చిట్లించి తెరకు దగ్గరగా జరిగాడు.

"లేస్తోంది. లేవగానే ఆఖరి కాల్ ఎప్పుడొచ్చిందని చూసుకుంటోంది. ఎప్పుడో వచ్చింది. అయితే ఇంకా పడే ఉన్నానని మళ్లీ ఆగిపోతోంది."

"మధ్యలో ఎవరైనా చేస్తే?"

"కలిసేలోపే ఆగిపోతుంది."

"మరి రోజూ ఈ వేళకి బాగానే ఉండేదిగా?"

అతడు నిన్న బ్లాక్ చేసిన నంబరు కేసి చూశాడు.

రోజూ ఈ వేళకు ఒక కాల్ వచ్చేది.

"అదంతా తర్వాత అన్నయ్యా. ముందు దాన్ని ఆపు."

"ఇది తీసేస్తే, నిజంగా పడిపోయిన రోజు దానంతట అది లేవదు."

"మేం లేపుతాం. ఆపు."

ఆపాడు.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత గదిలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

"మా ఆవిడకి ఊపిరి అందట్లేదండీ," ఒక మగగొంతు. "పెదాలు నీలంగా అయిపోతున్నాయి. ఎంతసేపట్నుంచి చేస్తున్నానో తెలుసా?"

ఆ గొంతుకు తన మొగుడి వయసే ఉంటుంది.

"ఇల్లెక్కడో చెప్పండి."

చెప్పాడు. ఆమె ఆ అడ్రస్ పైకి అన్నదో లేదో, డ్రైవరు మెట్ల మీద ఉన్నాడు.

"పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి పట్టుకోండి. కిటికీలు తెరవండి. ఫోన్ మాత్రం పెట్టకండి."

"మాట్లాడట్లేదండీ. నా చెయ్యి వదిలేస్తోంది."

"మీరు వదలకండి. ఆవిడ పేరు పెట్టి పిలుస్తూ ఉండండి."

అతడు పిలుస్తున్నాడు. జవాబు లేదు. మళ్లీ పిలుస్తున్నాడు. దూరంగా సైరన్. తలుపు చప్పుడు. గబగబా అడుగులు. ఎవరో ఆక్సిజన్ అంటున్నారు.

తర్వాత ఒక ఆడగొంతు గట్టిగా దగ్గింది.

దగ్గు అంత తియ్యగా ఉంటుందని కొత్త పెళ్లికూతురికి అప్పటిదాకా తెలియదు.

డ్రైవరు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఆమె, ఇంజనీరు కిందే నిలబడి ఉన్నారు.

"ఆవిడేరి బాబాయ్?"

"నేను బండి తీస్తున్నప్పుడే వెళ్లిపోయింది. ఫోన్లు బాగయ్యాయని చెప్పా. తలూపి బస్సెక్కేసింది."

ఇంజనీరు ఆవిడ నంబరుకు చేసి, సెల్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. అవతల మోగుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు.

"ఆవిడ మొహం ఎక్కడో చూశాననుకున్నా," అన్నాడు డ్రైవరు. "దారిలో గుర్తొచ్చింది. నీ మెషీన్ రాకముందు, ఒకరోజు మధ్యాహ్నం లైన్లన్నీ పోయాయి చూడు."

"విన్నా. ఎవరో పెద్దాయన పోయాడటగా. అందుకే నన్ను పిలిచి ఇది రాయించారు."

"ఆ ఇంటికి వెళ్లింది నేనే."

డ్రైవరు బండి తలుపు మెల్లగా మూశాడు.

"నేను లోపలికెళ్లేసరికి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఆవిడ ఇంకా మన నంబరే నొక్కుతోంది."